చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల గురించి కూడా రాయండి
కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. 1902లోనే ఆ గనులకు శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చిన సంగతి మా బెంగళూరు పిల్లలకు చదివి వినిపించాను. కానీ మీరు అక్కడి ఛాంపియన్ రీఫ్ గని దగ్గరే ఆగిపోయారు. ఆ బంగారు రాతి పట్టీ దక్షిణంగా సరిహద్దు దాటి మన చిత్తూరు జిల్లాలోకీ వస్తుంది. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తంలో కోలార్ గనులు నడిపిన ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లవే చిన్న గనులు ఉండేవి. 2001లో కంపెనీ మూతపడటంతో అక్కడా పని ఆగిపోయింది. పంపులు ఆగితే గనిలోకి నీళ్లు చేరతాయి, ఇక దిగి చూసే వీలుండదు. కోలార్ సైనైడు దిబ్బల (బంగారం తీశాక మిగిలిన వ్యర్థాల గుట్టల) ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, వీటి ఊసు ఎవరూ ఎత్తరు. దయచేసి అక్కడ పనిచేసిన పెద్దవాళ్లను కలిసి, షిఫ్టులు, కూలి, ప్రమాదాల గురించి వాళ్ల మాటల్లోనే రాయండి. ఆలస్యం చేయకండి.