మామయ్య కిడ్నీల బొమ్మ మామయ్యకే ఇవ్వరట

రాత్రి పదకొండు దాటింది. ఉదయం ఫోనులో విన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది. "రిపోర్టు పేషెంటుకు ఇవ్వమండీ, అది స్టడీ కోసం తీసింది." అంతే, ఫోను పెట్టేశారు. మా పెద్ద మామయ్యను ముప్పావు గంట ఆ ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టించి, కడుపులోని రెండు కిడ్నీలకూ వందల బొమ్మలు తీసుకున్నారు. వాటిలో ఒక్కటి కూడా ఆయనకు చూపించరట. ఎవరి కిడ్నీలండీ అవి?

మాది కవిటి మండలం, కారణం తెలియని కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న ఉద్దానం ప్రాంతం. ఉద్దానం అంటే చాలు, శ్రీకాకుళం జిల్లాలో ఎవరికైనా మిగతాది తెలుసు. మా ఊళ్లో ఇద్దరు మగవాళ్లు టీ కొట్టు దగ్గర కలిస్తే కొబ్బరి ధర తర్వాత అడిగేది క్రియాటినిన్ ఎంత అనే. రక్తంలో అది పెరిగిందంటే కిడ్నీలు దెబ్బతిన్నట్టే. మామయ్యకు 2.8. షుగరు లేదు, సిగరెట్టు లేదు, ఒంట్లో వాపు కూడా లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి తోట నేలకూలితే, మళ్లీ మొక్కలు నాటి బిందెలతో నీళ్లు మోసిన మనిషి. ఆ మొక్కలు కాపుకొచ్చే లోపల తాను డయాలసిస్ కుర్చీలో కూర్చోకూడదన్నది ఆయన పట్టుదల.

మామయ్యకు ఎమ్మారై తీసిన ఈ ట్రయల్, అంటే మనుషులను చేర్చుకుని చేసే వైద్య పరిశోధన, వెతికింది నేనే. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ అన్నీ నమోదు చేసే జాబితా ఒకటి ఉంది, సీటీఆర్‌ఐ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి 2007లో మొదలుపెట్టింది. మందుల ట్రయల్స్ అందులో నమోదు కావాల్సిందేనని 2009 జూన్ 15 నుంచి నియమం పెట్టారు. ఎవరైనా చూడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ప్రతి ట్రయల్‌కూ ఒక నంబరు, ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, ఏ ఊళ్లో జరుగుతుంది, మనుషులను ఇంకా చేర్చుకుంటున్నారా లేదా, ఎవరికి ఫోను చేయాలి, అన్నీ ఉంటాయి. శాస్త్రవేత్తల కోసం ఒక పేరు, ప్రజల కోసం ఇంకో పేరు రాయాలని గడులు కూడా వేరుగా ఉన్నాయి. ఆ ప్రజల పేరు కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఏ ప్రజలు వీళ్ల దృష్టిలో? మామయ్య దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఆయన ఒక్కరే కూర్చుని ఈ జాబితాలో ఒక్క ముక్క కనిపెట్టగలరా?

మూడు వారాలు రాత్రిపూట కూర్చుని వెతికాను. కిడ్నీ, ఎమ్మారై అని కొడితే వచ్చినవి చాలా వరకు పూర్తయిపోయినవే, లేదంటే మనకు అందనంత దూరంలో ఉన్నవి. చివరికి ఒకటి దొరికింది, బస్సెక్కి వెళ్లి రాగలిగేది. ఇచ్చిన నంబర్లలో ఒకటి పనిచేయలేదు, ఒకటి మోగి మోగి ఆగిపోయింది. మూడోదానికి ఎత్తినతను మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఈ స్టడీ సంగతి మీకెవరు చెప్పారు?" నేను వాళ్ల పెరట్లోకి గోడ దూకి వచ్చినట్టు ఉంది ఆ గొంతు. అందరూ చూడాలని పెట్టిన జాబితాలోనే కదా చూశాను!

ఆ స్టడీ ఆలోచన మంచిదే, అది దాచను. కిడ్నీ లోపల కణజాలం ఎంత గట్టిపడిందో తేల్చుకోవాలంటే ఇప్పటిదాకా నమ్మకమైన దారి సూదితో ముక్క తీసి పరీక్షించడమే. కుంచించుకుపోయిన కిడ్నీలో సూది దించితే రక్తస్రావం భయం. అందుకని నడుముకు ఒక పలకలాంటిది కట్టి, సన్నగా అదిరేలా చేసి, ఆ అదురు లోపల ఎలా పాకుతుందో ఎమ్మారైలో చూస్తారు. కణజాలం ఎంత గట్టిదో దాన్నిబట్టి లెక్కకడతారు. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. నాకున్న భయమల్లా బొమ్మ స్పష్టంగా రావడానికి కొన్నిసార్లు ఇచ్చే గాడోలినియం ఇంజెక్షన్ గురించే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని రకాల గాడోలినియం వల్ల చర్మం బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. మా స్టడీలో ఆ ఇంజెక్షన్ లేదు. అది పది సార్లు అడిగి నిర్ధారించుకున్నాకే మామయ్యను ఒప్పించాను.

తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరాం. 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అత్తయ్య కూడా వచ్చింది, పులిహోర కట్టుకుని.

అక్కడ కౌంటరులో అమ్మాయి నన్ను "మీరు" అంది. మామయ్యను "నువ్వు" అంది. ఆయన వయసు 57, ఆ అమ్మాయికి ఇరవై ఐదుంటాయేమో. పంచె కట్టుకుని వచ్చినందుకు "నువ్వు". "ఇక్కడ వెయ్యి" అంటూ సిరా డబ్బా ఆయన ముందుకు తోసింది, చదువు వచ్చా అని అడగకుండానే. మామయ్య ఆ డబ్బాను ఒక్క వేలితో పక్కకు జరిపి, జేబులోంచి తన పెన్ను తీసుకుని, "ఏముందమ్మా ఇందులో?" అని అడిగారు. పద్నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషే. తెలుగుది ఉంది కానీ జిరాక్సులు అయిపోయాయట! రోజంతా మనుషులను పిలిచే చోట, పక్క వీధిలో రెండు రూపాయలకు పేజీ తీసే చోట, జిరాక్సులు అయిపోయాయట. పేపరు చదివే మనిషిని ఒక్క నిమిషంలో వేలిముద్ర మనిషిని చేసేశారు. ఆ పద్నాలుగు పేజీలు వరండాలో నిలబడి నేనే చదివి చెప్పాను.

పరిశోధనలో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, చదవలేనివాళ్లయితే సంబంధం లేని సాక్షి పక్కనుండాలని, సమ్మతి పత్రం నకలు చేతికివ్వాలని, ఎప్పుడు వద్దనుకున్నా మానుకోవచ్చని, మానుకున్నంత మాత్రాన వైద్యం తగ్గించకూడదని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఉంది. దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వవచ్చని కూడా ఉంది. నకలు నేను గట్టిగా అడిగితే ఇచ్చారు. అడగడం తెలియనివాళ్ల సంగతేమిటి?

ఇంతకంటే నన్ను కోసింది ఇంకొకటి ఉంది. ఎమ్మారై గదిలోకి లోహం పోకూడదు, నిజమే, ఇనుములాంటిదైతే అయస్కాంతం లాగేస్తుంది. మామయ్య మొలతాడుకు వెండి తాయెత్తు ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ కట్టించినది, తాడు మారుతూ వచ్చింది కానీ తాయెత్తు అదే. "మొలతాడుకు లోహం ఉందా, విప్పి రండి" అని ముందే చెబితే ఆయన ఇంటి దగ్గరే విప్పుకునేవారు, ఏ పసుపుతాడో కట్టుకుని వచ్చేవారు. చెప్పలేదు. లోపల బట్టలు మార్చుకుంటుంటే ఆ కుర్రాడు చూసి కత్తెర తీసుకుని చటుక్కున కత్తిరించేశాడు. తెగిన తాడు, తాయెత్తు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, బయట బెంచీ మీద కూర్చున్న అత్తయ్య చేతికిచ్చి వెళ్లిపోయాడు. మగవాడి మొలతాడు ఎప్పుడు తెంపుతారో తెలుగు ఇళ్లలో ఎవరికి తెలియదు? అత్తయ్య ఆ సంచి పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. పులిహోర విప్పనే లేదు. సాయంత్రం బస్సులో మామయ్య భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతున్నట్టు నటించింది, కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

అయినా భరించాం. రిపోర్టు ఇస్తారా అని ఆ రోజే అడిగాను. "వారం తర్వాత ఫోను చేయండి, ఇస్తాం" అన్నారు. వారం గడిచాక ఈ ఉదయం చేశాను. "ఇవ్వం." ఎందుకంటే అది పరిశోధన కోసం తీసిన బొమ్మ, వైద్యానికి పనికిరాదట. ఆ అదురు లెక్కలు ఇంకా రుజువు కాలేదంటే ఒప్పుకుంటాను, ఇవ్వకండి. కానీ కిడ్నీ ఎంత పొడవుందో, రాయి ఉందో లేదో, గడ్డ ఉందో లేదో ఏ రేడియాలజిస్టుకైనా ఆ బొమ్మల్లో కనిపిస్తుంది కదా? ఇదే ఎమ్మారై బయట తీయించుకోవాలంటే వేలు పోయాలి.

నా కోపం ఈ ఒక్క స్కానింగు మీదే కాదు, అదీ చెప్పేస్తాను. నేను ఐదో తరగతిలో ఉండగా మా బడి వరండాలో జీపు ఆగింది. బల్ల వేసి, ఊదారంగు మూతల గాజు గొట్టాల్లో ఊరంతటి రక్తం తీసుకున్నారు. మూత్రం డబ్బాలు తీసుకున్నారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మా తాతయ్యకు ఒక చీటీ ఇచ్చారు, దాని మీద 116 అని నంబరు. "ఈ నంబరు చెబితే ఫలితం తెలుస్తుంది" అన్నారు. తాతయ్య ఆ చీటీని ఇనుప పెట్టెలో పట్టాదారు పుస్తకం మధ్య దాచుకున్నారు. ఎవరూ రాలేదు. ఆరేళ్లకు తాతయ్య పోయారు. పెట్టె తెరిస్తే చీటీ అలాగే ఉంది.

ఆ తర్వాత ఎన్ని జీపులు వచ్చాయో లెక్క లేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటిదే ఉందన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు, హిరమండలం నుంచి నీళ్లు తెచ్చారు. సంతోషమే. కానీ మా రక్తం తీసుకెళ్లినవాళ్లలో ఒక్కరైనా తిరిగి వచ్చి, ఆ బడి వరండాలోనే కూర్చుని, "మీ దగ్గర తీసుకున్నదానిలో మాకు ఇది కనిపించింది" అని చెప్పారా?

మా బంధువుల్లో కొందరు ఇప్పుడు నన్నే అంటున్నారు: "మన మీద ప్రయోగాలు చేస్తారని తెలిసి ఎందుకు తీసుకెళ్లావు?" ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ సంఘమే తప్పుపట్టింది. కానీ నేను మానుకోమని చెప్పను. ఉద్దానం మనుషుల కిడ్నీలు చూడకుండా ఉద్దానం జబ్బు గుట్టు ఎవరు విప్పుతారు? చేరాలి. చేరిన మనిషికి మర్యాద ఇవ్వాలి, తెలుగులో చెప్పాలి, చూసింది చూపించాలి. ఇది అడగడం కూడా ఎక్కువేనా?

ఆరు నెలలకు రెండో స్కానింగుకు పిలుస్తారట. మామయ్య వెళ్తానంటున్నారు. ఇవ్వరట మామయ్యా అని చెబితే కోప్పడలేదు. రెండేళ్ల కిందట సోంపేటలో తీసిన అల్ట్రాసౌండులో ఎడమ కిడ్నీ 8.4 సెంటీమీటర్లని రాశారు, అది ఆయనకు కంఠతా వచ్చు. చూపుడువేలు బల్ల మీద ఆనించి, కొంచెం అవతల గోటితో గీత గీసి, "అప్పుడు ఇంత ఉండేదమ్మా, ఇప్పుడెంత ఉందో అదొక్కటి అడుగు" అన్నారు.

పరిశోధనల్లో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాస్తున్నాను, తెలుగులోనే. మొదటి వాక్యం అదే పెట్టాను. ఎడమది ఎంత, కుడిది ఎంత, సెంటీమీటర్లలో.