పిల్లవాడు మండల కేంద్రానికి కాదు, టీచరే ఊరి బడికి రావాలి

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన తెలంగాణలో వికలాంగుల పింఛను పెరుగుతుంది, లేదంటే పెంచుతామన్న హామీ అయినా వస్తుంది. 2014 దాకా నెలకు 500 రూపాయలున్నది 1,500 అయింది, 2019లో 3,016, 2023లో 4,016. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తామంది. పెరగాల్సిందే, అందులో ఒక్క రూపాయికి కూడా ఎవరూ అడ్డు చెప్పకూడదు. కానీ నల్లగొండలోనో పాలమూరులోనో ఏ పార్టీ సభలోనైనా ‘మీ ఊరి బడికి ప్రత్యేక ఉపాధ్యాయుడిని వేస్తాం’ అన్న మాట విన్నామా? పింఛను ఇచ్చి చేతులు దులుపుకునే ప్రభుత్వాలు ఈ పిల్లలకు చదువు బాకీ పడి ఎన్నో ఏళ్లయింది.

చట్టాలు లేక కాదు. వికలాంగ పిల్లలను మామూలు బడుల్లోనే చదివించాలని కేంద్రం 1974లోనే పథకం తెచ్చింది. అమెరికా ఇందుకోసం చట్టం చేసింది ఆ మరుసటి ఏడాదే. ఆలోచనలో మనం వెనుకబడలేదు. అక్కడ అది తల్లిదండ్రులు నిలదీసి సాధించుకోగల హక్కు అయింది, ఇక్కడ నిధులుంటే నడిచే పథకంగా మిగిలింది. 1995 వికలాంగుల చట్టం 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అంది. విద్యాహక్కు చట్టం 2009లో వస్తే, అందులో ఈ పిల్లలకు స్పష్టమైన చోటు దొరకడానికి 2012 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 2011 జనగణన నాటికి దేశంలో 5 నుంచి 19 ఏళ్ల వికలాంగ పిల్లల్లో చదువుకుంటున్నవారు 61 శాతమే. అదే జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యతలో అట్టడుగున నిలిచిన జిల్లా మహబూబ్‌నగర్. కాళ్లూ చేతులూ బాగున్న పిల్లలకే చదువు అందని చోట మిగతావారి గతి ఏమై ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఇక 2016 వికలాంగుల హక్కుల చట్టం. దీని 31వ సెక్షన్‌ను ప్రతి సర్పంచ్ చదవాలి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటికి దగ్గరలోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉందని అది చెబుతోంది. వికలాంగ పిల్లలకు ప్రత్యేక బోధన, ఫిజియోథెరపీ అందించేందుకు మన మండలాల్లో నడుస్తున్న భవిత కేంద్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. పిల్లవాడి పేరు ఊరి బడి రిజిస్టరులో ఉంటుంది. అతనికి నేర్పగలిగిన మనిషి మండల కేంద్రంలో ఉంటారు. హెడ్మాస్టరును అడిగితే భవితకు వెళ్తున్నాడంటారు, భవితలో అడిగితే అతని బడి ఊళ్లోనే కదా అంటారు. ఇద్దరి మధ్యా ఆ పిల్లవాడు ఎవరికీ చెందకుండా పోతున్నాడు.

దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకును ఫిజియోథెరపీ రోజున కేంద్రానికి తీసుకెళ్లే తల్లి సంగతి చూడండి. ఎనిమిదేళ్ల పిల్లవాడిని చంకనెత్తుకుని రోడ్డు దాకా నడవాలి, ఆటో నిండేదాకా కూర్చోవాలి, తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతుంది. పత్తి ఏరే రోజుల్లో అది ఒక పూర్తి కూలి. కేంద్రం, రాష్ట్రం కలిసి బడుల కోసం నడిపే సమగ్ర శిక్షా పథకం లెక్కల్లో ఇలాంటి పిల్లవాడి అవసరాలకు ఏడాదికి కేటాయింపు 3,500 రూపాయలు. రవాణా భత్యం ఎప్పుడో పడుతుంది, పోయిన కూలి మాత్రం ఆ రోజే పోతుంది. వలస కాలంలో తల్లిదండ్రులు ముంబయికో పుణేకో వెళ్తే పిల్లవాడు అవ్వ దగ్గర మిగులుతాడు. అవ్వ వాడిని ఎత్తుకోలేదు. అక్కడితో భవిత ఆగిపోతుంది. ఈ లోపం కేంద్రాల్లో పనిచేసేవారిది కాదు. పేదవాడి సమయానికి విలువ లేదనుకున్న ఆలోచనది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల వారికి ఈ వాదన అందరికంటే బాగా అర్థమవుతుంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ అక్కడ తరాల తరబడి ఎముకలు వంచింది. నీటిలోంచి పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు, అయినా నల్లగొండ పల్లెలు ఆ నీళ్లే తాగుతూ వచ్చాయి. చివరికి ఉద్యమాలు, ఎన్నికలు, కన్నీళ్లు కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. కృష్ణా నీళ్లను ఇంటింటి నల్లా దాకా తేవాలని నిర్ణయించారు. మంచి నీళ్లు మండల కేంద్రంలో పెట్టాం, వారానికి రెండు రోజులు వచ్చి పట్టుకుపొమ్మని ఎవరూ అనలేదు. అంటే జనం ఊరుకునేవారూ కాదు. ఆ నీళ్ల వల్లే కాళ్లు వంగిన పిల్లలకు చదువు విషయంలో మాత్రం సరిగ్గా ఆ మాటే చెబుతున్నాం.

ప్రత్యేక పరికరాలు, శిక్షణ ఉన్నవారు ఒకే చోట ఉంటే మెరుగైన సేవ అందుతుందని, ఒకే టీచరు ఐదు తరగతులు చెప్పే బడిలో ఇది కుదరదని అధికారులు అంటారు. బధిరుల విషయంలో వారి మాటలో బలం ఉంది: సంజ్ఞా భాష తెలిసిన తోటివారు, ఉపాధ్యాయులు ఉన్న బడే వారికి బడి. మిగతా వాదన నిలవదు. ఏకోపాధ్యాయ పాఠశాల ప్రభుత్వ నిర్ణయమే, ప్రకృతి వైపరీత్యం కాదు.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. ఈ రాష్ట్రంలో కష్టమైన పని ఏదైనా ఉంటే అది పర్మినెంటు కాని మనిషి నెత్తినే పడుతుంది. ఆడపిల్లల గురుకుల విద్యకు కస్తూర్బా టీచర్లు, గర్భిణుల ఆరోగ్యానికి ఆశాలు, మాటలు రాని పిల్లలకు ఐఈఆర్పీలు, అంటే సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాల్లో పనిచేసే ప్రత్యేక టీచర్లు. మాట పలకని పిల్లవాడి నోటి నుంచి ఒక్క శబ్దం రావడానికి నెలలు పడుతుంది. అందుకు కావలసింది రేపు కూడా ఉంటాననే భరోసా ఉన్న గురువు. ఆ భరోసా కోసమే 2024 డిసెంబరులో సమగ్ర శిక్షా ఉద్యోగులు సమ్మెకు దిగారు. తీసివేయదగినవారిని తీసివేయదగిన పిల్లల దగ్గర పెట్టడం ఒక పరిపాలనా పద్ధతిగా స్థిరపడింది. దీన్ని కదిలించకుండా ఎన్ని ర్యాంపులు కట్టినా లాభం లేదు.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు గాను ప్రత్యేక విద్యకు 1,016 ఇచ్చారు. మంచి మొదలే. ఆరు వందలకు పైగా మండలాలున్న రాష్ట్రంలో అది మండలానికి ఇద్దరు కూడా కాదు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ఇలాంటి పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయాలని, కాంట్రాక్టులో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారి అర్హతలను కమిటీ వేసి పరిశీలించాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఇక ఈ నియామక పత్రాల్లో పనిచేసే చోటుగా భవిత కేంద్రం కాకుండా బడి పేరు ఉండాలి. చిన్న ఊళ్లయితే రెండు మూడు బడులకు కలిపి ఒకరు చాలు, టీచరే తిరుగుతారు. భవితను పరికరాలకు, వైద్య పరీక్షలకు ఉంచుకోవచ్చు. మొదటి విడత మర్రిగూడ, నాంపల్లి, చందంపేట, అమ్రాబాద్, కోస్గి మండలాల్లో మొదలు కావాలి, అదీ వచ్చే జూన్‌లో బడులు తెరిచే నాటికి.