డాట్సన్ 240జెడ్ అసలు ఓనరు తుప్పు గారికి

మహారాజశ్రీ తుప్పు గారికి,

నమస్కారాలు. మీ క్షేమం అడగక్కర్లేదు. నిస్సాన్ వాళ్లు డాట్సన్ పేరుతో చేసిన స్పోర్ట్స్ కారు ఈ 240జెడ్. పాతది ఎక్కడ అమ్మకానికి పెట్టినా అందులో మీరు సుఖంగానే ఉంటారు. కాగితాల మీద ఓనర్లు మారుతుంటారు గానీ, మీరు మాత్రం 1970 మోడల్‌గా ఈ బండి అమెరికాలో దిగినప్పటి నుంచి ఖాళీ చేసిందీ లేదు, అద్దె కట్టిందీ లేదు.

పాత బండి కొనేవాడు ముందు ఇంజిన్ చూడాలంటారు. మీ ముందు అదో లెక్కా? ఆ 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ మహా మొండిది. పాడైనా దించి బాగు చేయించుకోవచ్చు. ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్లు రెండూ ఒకదాని మాట ఒకటి వినకపోతే, తెలిసినవాడు ఓ పూట కూర్చుంటే దారికొస్తాయి. మీతోనే ఏ రాజీ కుదరదు. ఈ బండికి బరువు మోసే చట్రం, అంటే ఛాసిస్, విడిగా లేదు, బాడీయే ఛాసిస్. మీరు కొరికింది రేకే అనుకుంటాం, తీరా చూస్తే వెన్నెముక.

మీకిష్టమైన చోటు బ్యాటరీ కింద. యాసిడ్ కారి పెయింట్ లేచిపోగానే గృహప్రవేశం చేసి, అక్కణ్ణుంచి మెల్లగా ఫ్లోర్ కింద దన్నుగా ఉండే పొడవాటి ఇనప పట్టీల (వాటినే రైళ్లంటారు) దాకా పాకుతారు. ముందు అద్దం దిగువన గాలి కోసం పెట్టిన సందుల్లో ఎండుటాకులు ఇరుక్కుంటే నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. ఇక తలుపు కింది గుమ్మం, వెనక చక్రం ముందు మూల మీ వశం. వెనక లైట్ల రబ్బర్లు ఎండిపోతే స్టెప్నీ గుంటలో చిన్న చెరువే. ఆ సందుల్లోంచే సైలెన్సర్ పొగ కూడా లోపలికొస్తుంది. అమ్మేవాణ్ణి అడిగితే "పాత బండి వాసనండీ, క్లాసిక్ అంటే అదే" అంటాడు. అద్దాలు దించుకుని నడపమని సలహా కూడా ఉచితం.

మీరు చేసిన కంతల్ని పూడ్చి పైన పెయింట్‌కి చోటిచ్చే మీ ఆప్తమిత్రుడు పుట్టీ గారి సంగతి చెప్పకపోతే అన్యాయం. గీత పడకుండా అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపు మీద పెడితే టక్కున అతుక్కుంటుంది. అదే చెయ్యి తలుపు వెనక కింది మూలకు తీసుకెళ్లగానే జారి కింద పడుతుంది. సరిగ్గా అప్పుడే అమ్మేవాడికి మ్యూజిక్ సిస్టమ్ గుర్తొస్తుంది. బండి కింద కొత్తగా నల్లటి కోటింగ్ నిగనిగలాడుతుంటే టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ ఫ్లోర్ కింది రైలు మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే టంగుమనాలి. మెత్తగా "టప్" అందంటే పైన పటారం, లోన లొటారం.

మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల మీకు ప్రభుత్వ పోషణ కూడా ఉంది. ఏటా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లి మరీ మేపుతారు. ఈ బండిని అమెరికాలో నిలబెట్టిన యుతాకా కతాయామా గారు 105 ఏళ్లు బతికారు. ఆ ఉప్పు రోడ్ల మీద తిరిగిన చాలా బండ్ల ఫ్లోర్లకు పదేళ్ల ఆయుష్షు కూడా దక్కనివ్వలేదు మీరు.

అయినా మీకు గౌరవం తగ్గలేదు. కొత్తలో 3,526 డాలర్లున్న ఈ మోడల్‌లో, కొత్తదానిలా మిగిలిన 1971 బండి ఒకటి 2020లో వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అప్పట్నుంచి గడ్డిలో కూరుకుపోయిన బండిని కూడా మీతో సహా "పాటినా" (కాలం తెచ్చిన అందం) అని అమ్ముతున్నారు. అంటే మీక్కూడా మేమే డబ్బు కట్టాలి.

మీరు ముట్టనిది ఒకటుంటుంది, నంబర్లు. ఇంజిన్ దగ్గరున్న ప్లేటు మీది నంబరు, ఇంజిన్ దిమ్మ మీది నంబరు, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్యనుండే రేకు గోడ (ఫైర్‌వాల్) మీద హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలయ్యే ఛాసిస్ నంబరు కాగితాలతో కలవాలి. కలవకపోతే ఆ పాపం మీది కాదు, మనుషులది.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ పిచ్చి పట్టిన మా తెలుగువాళ్ల తరఫున ఒక్క విన్నపం. "ఆ డబ్బుకి కొత్త టొయోటా వస్తుంది కదరా" అని ఇంట్లో ఇప్పటికే మొదలైంది. మేం ఫ్లోర్ మ్యాట్ ఎత్తినప్పుడు కనీసం మొహమైనా చూపించండి.

ఇట్లు,
మీ కాబోయే పోషకుడు

తా.క.: ఈ ఆదివారం చూడబోయే బండి "కాలిఫోర్నియా బండి, తుప్పన్నదే లేదు" అంటున్నాడు ఓనరు. సముద్రానికి ఎంత దూరంలో ఉంచాడని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. రెండుసార్లూ ఇంజిన్ ఫొటోలే పంపాడు.