సవరణ: బల్గేరియాలో ఎత్తైన శిఖరం బోతెవ్ కాదు, ముసాలా

బల్గేరియా పర్వతాల గురించి ఇంతకుముందు రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. దేశంలో అత్యంత ఎత్తైన శిఖరం బాల్కన్ శ్రేణిలోని బోతెవ్ అని, మొత్తం బాల్కన్ ద్వీపకల్పానికి గ్రీసులోని ఒలింపస్ పెద్దదని రాశాను. రెండూ సరికావు. చదివినవారు మన్నించాలి.

రీలా పర్వతాల్లోని ముసాలా ఎత్తు 2,925 మీటర్లు. దేశంలోనే కాదు, బాల్కన్ ద్వీపకల్పం మొత్తంలో అదే మొదటిది. ఒలింపస్ దానికంటే ఏడెనిమిది మీటర్లే తక్కువ. మూడో స్థానం పిరిన్ పర్వతాల్లోని విహ్రెన్‌ది, 2,914 మీటర్లు. బోతెవ్ ఎత్తు 2,376 మీటర్లు మాత్రమే.

ద్వీపకల్పానికి పేరిచ్చిన శ్రేణిలోనే పెద్ద శిఖరం ఉంటుందనుకోవడం నా పొరపాటు. ఆ శ్రేణి దేశం నడుమ నుంచి నల్లసముద్రం దాకా పొడవుగా సాగుతుంది. స్థానికులు దాన్ని స్తారా ప్లానినా, అంటే పాత పర్వతం అంటారు. ఎత్తైన కొండలు మాత్రం నైరుతి మూలన ఉన్నాయి.

విహ్రెన్ పాలరాతి కొండ. వేసవిలో మంచు కరిగాక కూడా దూరం నుంచి తెల్లగానే కనిపిస్తుంది. ముసాలా కొనమీద 1932లో కట్టిన వాతావరణ కేంద్రం ఉంది. కొంచెం దిగువన, 2,709 మీటర్ల ఎత్తులో ఒక చిన్న మంచు సరస్సు.

పాత పటాల్లో స్టాలిన్ శిఖరమని కనిపిస్తే అదీ ముసాలానే. 1949 నుంచి 1962 వరకు ఆ పేరుండేది.