గోతుల రోడ్డుకు రక్షణ కావాలి

మన్యంలో ఊరూరికీ రోడ్లు వేసి తీరతామని ప్రభుత్వం వారు పట్టుబట్టారు. 2025 ఏప్రిల్‌లో ‘అడవి తల్లి బాట’ పేరుతో శంకుస్థాపనలు కూడా చేశారు. ఇంత దూకుడులో, సెలవు దొరికితే కొండెక్కే మాలాంటి ప్రకృతి ప్రేమికుల గతేమిటని ఒక్కరికీ తోచలేదు. అందుకే ఈ విన్నపం.

పాడేరు దాటాక ఒక కొండ ఉంది. పేరు చెప్పను. పేరు బయటికొచ్చాక వంజంగి కొండ ఏమైందో చూశాం కదా. మబ్బుల సముద్రం చూద్దామని డిసెంబరు ఆదివారం చీకటితో వెళ్తే ముందు జనసముద్రం, దాని మీద పైకెత్తిన ఫోన్లు, సందు దొరికితే మబ్బులు.

మా కొండకు ఆ గతి పట్టలేదంటే ఆ పుణ్యమంతా దారిదే. తారు రోడ్డు దిగాక ఏడు కిలోమీటర్ల ఎర్రమట్టి. మొదటి గెడ్డ, అంటే వాగు, దగ్గరే చిన్న కార్లు వెనక్కి తిరుగుతాయి. రెండో మలుపులో వానకు కోసుకుపోయిన గాడి ఒకటుంది. అక్కడ పెద్ద కార్ల వాళ్లకు ఈఎంఐ గుర్తొస్తుంది. ఇంత నికరంగా జనాన్ని వడపోసే కాపలాదారు జీతమిచ్చినా దొరకడు.

బండి ఆపి నడక మొదలుపెడితే పైకి మూడు గంటలు. సిల్వర్ ఓక్ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబడుతున్న కాఫీ పళ్లు, పై చెలకల్లో వలిసె పూల పసుపు. శిఖరం మీద గాలి తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఎంత గొప్పదో మా మిత్రుడొకడు బ్లూటూత్ స్పీకరు కాస్త తగ్గించి మరీ చెప్పాడు.

చరిత్ర కూడా మా పక్షమే. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు పనిలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్లతో పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. రోడ్డు వేస్తే ఏమవుతుందో ఇంతకన్నా రుజువేం కావాలి? కూలి ఎగ్గొట్టినందుకే వాళ్లకు కడుపు మండిందని కొందరంటారు. అంత లోతుకు పోతే ట్రెక్కింగ్‌కు టైము చాలదు.

పాత నిబంధనలే నయం. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, కొండ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊళ్లకు రోడ్డు అంది. మా కొండ మీది ఊళ్లో ఇరవై గడపలే. ఎవరు రాసిన లెక్కో గానీ, మా ప్రశాంతతను ఇన్నేళ్లూ కాపాడుకొచ్చింది.

దిగేటప్పుడు ఒక డోలీ ఎదురైంది. కాదు, వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటేసింది. వెదురు కర్రకు దుప్పటి కట్టారు. లోపల నిండు గర్భిణి, కర్ర పట్టుకున్న ఒక చెయ్యి మాత్రం కనబడుతోంది. ఇద్దరు మోస్తుంటే మరో ఇద్దరు భుజం మార్చుకోవడానికి పక్కనే పరుగు. కాళ్లకు హవాయి చెప్పులు. నా ట్రెక్కింగ్ బూట్లు ఎనిమిది వేలు, నాలుగుసార్లు జారాను. అంబులెన్సు తారు రోడ్డు దాకానే వస్తుందట. అంత నడకా ఏ ఫిట్‌నెస్ యాప్‌లోనూ ఎక్కకుండా పోతోందే అని మా వాడు నొచ్చుకున్నాడు. ఫోటో మాత్రం చాలా సహజంగా వచ్చింది.

మాకు దారి చూపిన తాతను కూర్చోబెట్టి ఓపిగ్గా నచ్చజెప్పాను. “తాతా, రోడ్డు పడిందంటే ఈ అందం ఉండదు. మాలాంటి వాళ్లం ఇక ఈ వైపు రాము.”

తాత చుట్ట వెలిగించుకుంటూ డోలీ వెళ్లిన వైపు చూశాడు.

“రోడ్డు పడితే మీరు రారా బాబూ? అయితే తొరగా ఎయ్యమని మీరు కూడా ఒక అర్జీ ఎట్టండి.”

స్థానికుల ఈ అభిప్రాయాన్ని అధికారులు పరిగణనలోకి తీసుకోవద్దని మనవి.