మా ఇంటి భద్రతా సంఘం

1953 నుంచి మూడేళ్లు రాష్ట్ర రాజధానిగా వెలిగిన ఊరు మాది. రాజధాని వెళ్లిపోయినా పాలించే అలవాటు కర్నూలు వాళ్లను వదల్లేదు. అందుకే మా పదేళ్లవాడు ఇంటర్నెట్‌లో ఏమైపోతాడోనన్న బెంగ మొదలవగానే ఇంట్లో ఒక భద్రతా సంఘం వేశాను. అధ్యక్షుణ్ణి నేనే. ఏకైక సభ్యురాలు నా భార్య. ఆమె మొదటి సమావేశానికే రాలేదు, పొయ్యి మీద ఉగ్గాని ఉందట.

ముందుగా వాడి ఫోనుకు కాపలా పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాను. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే పిల్లవాడు కొత్త యాప్ దించుకోవడానికి పెద్దవాళ్ల ఫోనుకు అర్జీ వస్తుంది. రాత్రి ఎన్నింటికి ఫోను మూతపడాలో కూడా మనమే చెప్పవచ్చు. దివ్యమైన ఏర్పాటు. ఎలా పెట్టాలో నాకు తెలియక వాడినే పెట్టమన్నాను. రెండు నిమిషాల్లో "అయిపోయింది నాన్నా" అన్నాడు. ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం దగ్గర వాడు నాది వేశాడని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. గూగుల్ లెక్కలో నేనూ నా కొడుకూ ఒక ఈడువాళ్లం. 18 ఏళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. మా ఇంట్లో అనుమతుల విధానం పక్కాగా అమలవుతోంది. కాకపోతే అడిగేది నేను, ఇచ్చేది వాడు.

కొండారెడ్డి బురుజు కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందని చిన్నప్పుడు కథలుగా చెప్పేవారు. అంత గట్టి గోడలు కట్టినవాళ్లు కింద దారి వదులుతారా అని అప్పట్లో నవ్వేవాణ్ణి. మా వైఫై పాస్‌వర్డ్ గోడ క్యాలెండరు మీద, పాల లెక్కల పక్కన రాసి ఉంది.

రెండో తీర్మానం, అపరిచితులకు సొంత వివరాలు చెప్పరాదు. దీనిపై వాడికి ముప్పావు గంట ఉపన్యసించాను. ఆ రోజే బడులు తెరిచారు. పొద్దున వాణ్ణి గేటు ముందు నిలబెట్టి ఫోటో తీశాను. మెడలో గుర్తింపు కార్డు, దాని మీద పేరు, తరగతి, రక్తం గ్రూపు, నా ఫోను నంబరు. వెనక ఇంటి నంబరు పలక. "రోజూ 7:40కి బస్సు ఎక్కేస్తాడు, సాయంత్రం దాకా ఇల్లు బోసి" అని రెండు కన్నీటి బొమ్మలు చేర్చి బంధువుల గ్రూపులో, పాత మిత్రుల గ్రూపులో, చీటీల గ్రూపులో పెట్టాను. చీటీల గ్రూపులో సగం మంది ఎవరో నాకు తెలియదు. మా వాడి రక్తం ఏ గ్రూపో మాత్రం వాళ్లకు తెలుసు.

కొన్నాళ్లకు ఫోనులో ఆడే ఆటలో వాణ్ణి ఎవరో పలకరించారు. "ఏ బడి? ఎన్నేళ్లు?" అని మొదలుపెట్టి, "ఒక ఫోటో పంపు, ఇంట్లో చెప్పకు" దాకా వచ్చారు. వాడు నేరుగా నా దగ్గరికే వచ్చి చెప్పాడు. అధ్యక్షుడు అత్యవసర అధికారాలు వినియోగించాడు. "నీకే ఎందుకు వస్తాయి ఇలాంటివి?" అని విచారించి ఫోను లాక్కున్నాను. ఫిర్యాదుదారుకు రెండు వారాల శిక్ష పడింది, నిందితుడు హాయిగా ఆడుకుంటున్నాడు. ఫలితం అద్భుతం. తర్వాత మూడు నెలలు ఇంట్లో ఒక్క ఫిర్యాదు రాలేదు. సంఘం తన పనితీరుపై సంతృప్తి వ్యక్తం చేసింది.

ఫిర్యాదులు అవ్వ దగ్గరికి వెళ్తున్నాయట. మా అమ్మ వాడేది బొత్తాల ఫోను. ఆ మనిషి మళ్లీ తగులుకుంటే వాడు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె శనగకాయలు ఒలుస్తూ, "వాడు ఎవరి కొడుకు? ఏ ఊరు? మొహం చూపించనివాడికి మన మొహంతో పనేమిటి?" అంది. నాలుగు గింజలు వాడి చేతిలో పెట్టింది. ఫోను మాత్రం లాక్కోలేదు. కోడల్ని పిలిచింది. ఆమె ఆ సందేశాలను ఫోటోలుగా దాచి, ఆ మనిషిని బ్లాక్ చేసి, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టింది. పిల్లల విషయాల్లో పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చట. క్యాలెండరు మీద పాస్‌వర్డ్ కొట్టేసి, ఆ చోట పిల్లల సహాయానికి రాత్రీ పగలూ పలికే 1098 రాసింది.

ఇంత వ్యవహారం అధ్యక్షుడికి తెలియకుండా జరగడం నిబంధనలకు విరుద్ధమని నిన్న రాత్రి భోజనాల దగ్గర నిరసన తెలిపాను. ఎవరూ తలెత్తలేదు. వాడొక్కడే, "నాన్నా, గేటు దగ్గర తీసిన నా ఫోటో గ్రూపుల్లోంచి తీసేశావా?" అన్నాడు.

అంశం సంఘం పరిశీలనలో ఉందని చెప్పాను.