బొమ్మగారి బయోడేటా

పర్లాకిమిడిలో ఈమధ్య ఒక ప్రదర్శనకి వెళ్తే గుడ్డబొమ్మ మెడలో చీటీ కనిపించింది. పేరు తార. పుట్టినరోజు నవంబరు 14. ఒంటరితనం ఇష్టం, వాన ఇష్టం, ఫిల్టర్ కాఫీ మరీ ఇష్టం. గట్టిగా మాట్లాడేవాళ్లు గిట్టరు. పాపం, మా ఊళ్లో ఎలా బతుకుతుందో. చీటీ ఒక పక్క ఇంగ్లీషులో, ఒక పక్క ఒడియాలో ఉంది. 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచి తెలుగు చీటీ అడిగే అలవాటు మాకు తప్పిపోయింది, అది వేరే సంగతి.

ఇక్కడ కొమ్ముతో రొయ్యల్నీ కొంగల్నీ చేసే పనివాళ్లు తరాలుగా ఉన్నారు. ఫలానా రొయ్యకి డిప్రెషన్ అని ఇంతవరకు ఒక్కరూ చీటీ కట్టలేదు. అంత వెనకబడి ఉన్నారు. అమెరికావాళ్లు చూడండి, 1983లోనే క్యాబేజ్ ప్యాచ్ బొమ్మలకి జనన పత్రాలూ దత్తత కాగితాలూ ఇచ్చారు. వాటికోసం జనం దుకాణాల్లో కొట్టుకున్నారు. మనకి ఆ నాగరికత ఇప్పటికి వచ్చింది.

మనవరాలికి ఒకటి కొందామని మా పిన్ని చెయ్యి చాచింది. అమ్మే పిల్ల బొమ్మని వెనక్కి లాక్కుంది.

"ముందు మీ ఇంటి వాతావరణం చెప్పండి ఆంటీ."

"వాతావరణమేటమ్మా, ఉక్కపోత."

"అది కాదాంటీ. తార చాలా సెన్సిటివ్."

పిన్ని కళ్లజోడు సర్దుకుంది. కొడుకులందరికీ సంబంధాలు చూసి చేసిన మనిషి.

"తల వాలిపోతందేటి?"

"సిగ్గు."

"సిగ్గు కాదమ్మా, మెడలో దూది చాల్లేదు. ఆ కన్ను పైకుందేటి?"

"దేన్నీ తొందరగా నమ్మదు ఆంటీ."

"నోరేదీ?"

"మితభాషి."

పిన్ని నావైపు తిరిగింది. "కోడలైతే కళ్లకద్దుకుని తెచ్చుకుందును."

తర్వాత దత్తత ఫారం వచ్చింది. బొమ్మతో రోజూ ఎంతసేపు మాట్లాడతారు అని అందులో ఒక గడి. "మీ బాబాయితోనే అంతసేపు మాటాడను బాబూ" అని పిన్ని పెన్ను వెనక్కిచ్చేసింది.

కుట్టిందెవరమ్మా అని అడిగాను. చీటీ అడుగున చూపించింది: గ్రామీణ మహిళల చేతిపని. ఏ మహిళ అన్నాను. "చాలామంది చేస్తారు సార్" అంది.

గుడ్డబొమ్మకి మొహమంతా నాలుగైదు కుట్లలో ఉంటుంది. కనుబొమ్మ కుట్టు కాస్త పైకి లేస్తే ఆశ్చర్యం, ముక్కు వైపు దిగితే కోపం. కళ్లు కొంచెం కిందికి దించి ఎడంగా పెడితే పసితనం. పుల్లతో దూది కూరి కూరి మెడ బిగిస్తేనే తల నిలుస్తుంది. ఇంకేం స్వభావం కావాలి? ఉన్న స్వభావమంతా ఆ సూది పట్టిన చేతిది. చీటీ రాసిన మహానుభావుడు ఏసీ గదిలో కూచుని దానికి కాఫీ కలిపాడు, అంతే.

బొమ్మకి పుట్టినరోజు కావాలి, కుట్టిన మనిషికి అక్కర్లేదు. ఆమె ఆధార్ తీసి చూస్తే జనవరి 1 అని ఉన్నా ఆశ్చర్యపోను. అసలు తేదీ అడిగి రాసుకునే ఓపిక ఎవడికుంది? బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసిన రూలు కూడా 2021లో అదే జనవరి 1న అమల్లోకి వచ్చింది లెండి. హస్తకళల కమిషనర్ దగ్గర పేరు నమోదైన పనివాళ్ల సరుకుకి ఆ రూల్లో మినహాయింపు ఉంది. అంటే సర్కారు కూడా ఆమె పేరు అడుగుతుంది. మీరు అడగరు. బొమ్మకి కాఫీ ఇష్టమని రాయడానికి చోటుంది, కళ్లు నీళ్లు కారేదాకా కూచుని ఆ కళ్లు కుట్టిన మనిషి పేరుకి చోటు లేదు. సిగ్గుండాలి. బొమ్మకి కాదు.

రాయడం చేతకాకపోతే చీటీ నేను రాసిస్తాను, పట్టుకుపోండి.

పేరు: వెళ్లి అడగండి. ఇష్టాలు: చేసిన పనికి ఆ నెలలోనే డబ్బు. గిట్టనివి: "ఇది శాంపిల్ కింద ఉంచుకుంటాం అక్కా" అనడం. స్వభావం: ప్రస్తుతానికి మితభాషి.